ఇస్త్రీపెట్టె చెప్పిన ఉపాయం

మీ చేతిసంచిలో బ్యాంకి కార్డు ఉంటే ఒకసారి బయటికి తీసి వెనక్కి తిప్పి చూడండి. నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. చిప్పులు వచ్చాక దానితో పని తగ్గింది గాని, ఎన్నో ఏళ్ళపాటు మన ఖాతా వివరాలు మోసింది ఆ పట్టీయే. దాన్ని ప్లాస్టిక్కు ముక్కకి ఎలా అంటించాలో తెలియక 1960 ప్రాంతంలో అమెరికాలో ఫారెస్ట్ ప్యారీ అనే ఇంజనీరు తల పట్టుకు కూర్చున్నారట. ఏ జిగురు రాసినా పట్టీ ముడుచుకుపోయేది. ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య డొరోథియా బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు. సంగతి విని, ఈ పెట్టెతోనే అంటించి చూడమన్నారు. చూశారు. వేడికి పట్టీ కార్డుకి చక్కగా అంటుకుపోయింది!

ప్యారీ పనిచేసిన కంపెనీ పేరు ఐ.బి.ఎం. మీరు వినే ఉంటారు. మన పిల్లలో, పక్కింటివారి పిల్లలో అందులో ఉద్యోగం చేస్తున్నా ఆశ్చర్యం లేదు. నూరేళ్ళు దాటిన కంపెనీ అది. యంత్రాలు అమ్ముకుని ఇంతకాలం నిలిచిందంటారు కొందరు. నిజమే. కాని యంత్రాలు పాతబడిపోతాయి. వాటి వెనక ఉన్న ఆలోచనలు, ఆ ఆలోచనలు చేసిన మనుషులు - అసలు ఆస్తి అది. ఆ ఆస్తిని ఆ కంపెనీ ఎక్కడ కాపాడుకుంది, ఎక్కడ చేజార్చుకుంది అన్నదే ఈవేళ మనం చెప్పుకోబోయే కథ.

ధర్మవరం చీర నేసే మగ్గం మీద జకార్డు అట్టలు చూశారా? అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేచి, లేనిచోట లేవకుండా ఉండిపోయి, అంచులో నెమలో మామిడిపిందో తయారవుతుంది. అలాంటి చిల్లుల అట్టలతోనే జనాన్ని లెక్కపెట్టవచ్చునని హెర్మన్ హోలెరిత్ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టారు. అక్కడ 1880 జనాభా లెక్కలు తేల్చడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది. 1890లో ఆయన యంత్రాలు వచ్చాయి, పని ఎంతో చురుకైంది. ఆయన కంపెనీ 1911లో మరికొన్నిటితో కలిసింది. ఆ కలిసిన సంస్థకే 1924లో ఐ.బి.ఎం. అని పేరు పెట్టారు.

1945లో వాళ్ళు న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంతో కలిసి ఒక పరిశోధనశాల తెరిచారు. ఈ ఏడు ఏం అమ్ముడుపోతుందన్న బెంగ లేకుండా, శాస్త్రాన్ని శాస్త్రంగా చూసుకునే చోటు. పెరట్లో మామిడి మొక్క నాటినట్టన్నమాట. నాటిన ఏడాదే కాయలు కోసుకుంటామా?

1957లో ఫ్రాన్సెస్ ఎలెన్ అనే అమ్మాయి ఈ కంపెనీలో చేరారు. పల్లెటూరి రైతుబిడ్డ. లెక్కల పంతులమ్మ కావాలన్నది ఆమె కోరిక. అయితే చదువుకోసం చేసిన అప్పు ఉంది. అది తీరేదాకా ఇక్కడ చేసి, మళ్ళీ బడికి వెళ్ళిపోదామనుకున్నారు. ఆ ఏడాదే ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాష వచ్చింది. జాన్ బాకస్ నాయకత్వంలో దాన్ని తయారుచేసిన బృందంలో లోయిస్ హైబ్ట్ అనే యువతి కూడా ఉన్నారు. ఆ భాషని కంపెనీ శాస్త్రవేత్తలకి నేర్పడమే ఎలెన్ మొదటి పని. పంతులమ్మ పని తప్పలేదు చూడండి!

తరవాత ఆవిడ పట్టుకున్నది మరో చిక్కు సమస్య. మనిషి రాసిన ఆదేశాలని యంత్రం భాషలోకి మార్చేటప్పుడు, వృథా పని లేకుండా ఎలా మార్చాలి? దోసెలు పోసేటప్పుడు ప్రతి దోసెకీ విడిగా పప్పు నానబోసి రుబ్బుకోం కదా. ఒక్కసారి రుబ్బి ఉంచుకుని, పోయడం మాత్రమే మళ్ళీ మళ్ళీ చేస్తాం. యంత్రానికి ఈ ఇంగితం తనంతట తనకి ఉండదు. ఏది ఒకసారి చేస్తే చాలు, ఏది అసలు అక్కరలేదు అని ఆదేశాలని పరిశీలించి చక్కబెట్టే పద్ధతులు ఎలెన్ తీర్చిదిద్దారు. అప్పు తీరినా ఆవిడ వెళ్ళలేదు. 2002 వరకూ, 45 ఏళ్ళు అక్కడే ఉన్నారు. 2006 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి ఆవిడకి వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన గౌరవం లేదు. అది పొందిన మొదటి స్త్రీ ఆవిడే.

కాపాడుకున్నందుకు ఫలితాలు ఇంకా ఉన్నాయి. జ్యూరిక్‌లోని వాళ్ళ పరిశోధనశాలకి 1986లోనూ 1987లోనూ వరుసగా నోబెల్ బహుమతులు వచ్చాయి. 1981లో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, మరి ఇద్దరు సహచరులు అతినీలలోహిత లేజరు కిరణంతో, చుట్టుపక్కల కాలకుండా కణజాలాన్ని సన్నగా కొయ్యవచ్చునని తేల్చారు. ఆ ప్రయోగానికి వాడిందేమిటో తెలుసా? పండగనాటి విందులో మిగిలిన టర్కీకోడి ముక్క! ఈనాడు కళ్ళజోడు అక్కరలేకుండా చేసే లేజరు చికిత్సకి మూలం ఆ ప్రయోగమే.

ఇక చేజార్చుకున్నవి. సమాచారాన్ని పద్దుల పుస్తకంలోలాగ వరసలుగా, గళ్ళుగా పెట్టుకుని కావలసినట్టు అడిగి తీసుకోవచ్చునని 1970లో ఎడ్గర్ కాడ్ అనే వారి శాస్త్రవేత్తే రాశారు. కాని అప్పటికే మరో పద్ధతి సరుకు అమ్ముతున్న కంపెనీ దీన్ని బజారుకు తేవడంలో తాత్సారం చేసింది. 1979లో బయటివాళ్ళు, నేటి ఒరాకిల్ కంపెనీ, ముందు తెచ్చేసుకున్నారు.

అది సొమ్ము నష్టం. రెండోది అంతకన్న పెద్దది. లిన్ కాన్వే అనే యువ ఇంజనీరు 1960లలో అక్కడ పనిచేశారు. పప్పు ఉడికేదాకా చేతులు కట్టుకు కూర్చోకుండా మనం కూర తరుక్కుంటాం కదా. అలాగే ఒక ఆదేశం ఆగినా సిద్ధంగా ఉన్న మిగతావాటిని యంత్రం కానిచ్చే ఉపాయం కాన్వే కనిపెట్టారు. పుట్టినప్పుడు అందరూ మగబిడ్డ అన్నారు గాని, తాను స్త్రీనని ఆమెకు తెలుసు. స్త్రీగానే బతకాలని నిశ్చయించుకున్నట్టు తెలిశాక, 1968లో కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. ఆమె కొత్త పేరుతో, గతం ఎవరికీ చెప్పుకోకుండా, మొదటినుంచీ మొదలుపెట్టారు. చిప్పుల రూపకల్పన ఎలా చేయాలో లోకానికి నేర్పినవారిలో ఒకరయ్యారు. ఐ.బి.ఎం. ఆమెకు క్షమాపణ చెప్పింది - 2020లో. 52 ఏళ్ళ తరవాత! ఆమె 2024లో కన్నుమూశారు. ఆలస్యంగానైనా చెప్పారు, సంతోషమే. కాని పోయిన ఏళ్ళు ఎవరిస్తారు?

1993లో ఆ కంపెనీకి దాదాపు 800 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. ఇక పని అయిపోయిందనుకున్నారంతా. అయినా పరిశోధనశాలలు మూసెయ్యలేదు. 1990లో ఆ పరిశోధనశాలలోనే ఉద్యోగంలో చేరిన అరవింద్ కృష్ణ, మన తెలుగు కుటుంబంలో పుట్టినవారు, 2020 ఏప్రిల్‌లో కంపెనీ పెద్ద అయ్యారు.

కంపెనీ సంగతి అలా ఉంచి, మన ఇంటికి వద్దాం. పిల్ల ఏదో విప్పి, ఏదో కలిపి చూస్తుంటే "ఇదెందుకు పనికొస్తుందే?" అని వెంటనే గదమాయించకండి. కొంచెం ఆగండి. మనింట్లోవాళ్ళు మనం అనుకున్నట్టు లేరని తలుపు వేసెయ్యకండి. మీకు మీరు కూడా అంతే. ఇస్త్రీ చేస్తూ ఒక ఉపాయం తోస్తే, మనదేముందిలే అనుకోక పైకి చెప్పండి. డొరోథియా చెప్పబట్టే కదా, ఆ పట్టీ అంటుకుంది!