స్త్రీలలో మానసిక గాయం, పొగత్రాగడం

హింస, అత్యాచారం, ఘోర ప్రమాదం వంటి సంఘటనల వలన మనసుపై మిగిలిపోయే దెబ్బను మానసిక గాయం అంటారు. ఇటువంటి అనుభవాలకు గురైన స్త్రీలలో పొగత్రాగే అలవాటు ఇతర స్త్రీలలో కంటే ఎక్కువగా కనిపిస్తుందని అనేక పరిశోధనలు తెలిపాయి. అయితే గాయపడిన ప్రతి స్త్రీ పొగ త్రాగదు. పొగత్రాగే ప్రతి స్త్రీ వెనుక గాయం ఉంటుందని కూడా చెప్పలేము.

పరిశోధనలు

అమెరికాలోని శాన్ డియాగోలో 1995-97 మధ్య 17,000 మందికి పైగా స్త్రీపురుషులను వారి బాల్యంలోని చేదు అనుభవాల గురించి ప్రశ్నించారు. వీరిలో మొదటి విడత వారి సమాచారంపై 1999లో ఒక పత్రం వెలువడింది. ఐదు లేక అంతకు మించిన రకాల చేదు అనుభవాలు ఉన్నవారు 14 ఏళ్ళ వయసుకే పొగత్రాగడం మొదలుపెట్టే అవకాశం, అవి లేనివారి కంటే సుమారు 5 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

మానసిక గాయం వలన కలిగే రుగ్మతలలో పి.టి.ఎస్.డి. ముఖ్యమైనది. పీడకలలు, ఉలికిపాటు, జరిగినది పదేపదే కళ్ళకు కట్టడం దీని లక్షణాలు. 1995లో ప్రచురితమైన అమెరికా జాతీయ సర్వే ప్రకారం జీవితకాలంలో ఇది స్త్రీలలో 10.4%, పురుషులలో 5% మందికి వచ్చింది.

కారణాలు

పొగాకులోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడును చేరి డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. దానితో మనసు తేలికపడినట్లు అనిపిస్తుంది. ఒకటి రెండు గంటలలో నికోటిన్ తగ్గగానే చిరాకు, ఆందోళన మొదలవుతాయి. మరొక సిగరెట్టు త్రాగితే తగ్గేది చాలావరకు ఈ ఆందోళనే. పాత బాధ అలాగే ఉండిపోతుంది.

భారతదేశంలో

2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం భారతీయ స్త్రీలలో పొగత్రాగేవారు 2% మాత్రమే. నమిలే పొగాకు వంటి పొగరాని రకాలు వాడేవారు 12.8%. కనుక ఇక్కడి స్త్రీల విషయంలో పొగ ఒక్కటే చూస్తే సరిపోదు. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే అడ్డపొగ తరతరాలుగా వస్తున్న అలవాటు. దీనిని మానసిక గాయానికి ముడిపెట్టలేము. అయితే దీనివలన అంగిటి కాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

చికిత్స

పొగ మానితే మానసిక స్థితి దిగజారుతుందనే భయం చాలామందిలో ఉంది. 26 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ప్రచురించిన సమీక్షలో, మానినవారిలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గినట్లు తేలింది. మానసిక వ్యాధి ఉన్నవారిలోనూ ఇదే ఫలితం కనిపించింది.

పి.టి.ఎస్.డి. ఉన్న 943 మంది అమెరికా మాజీ సైనికులపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. మానసిక చికిత్సతో పాటే పొగ మాన్పించే చికిత్స పొందినవారిలో 8.9% మంది, వేరే క్లినిక్‌కు పంపబడినవారిలో 4.5% మంది దీర్ఘకాలం మానగలిగారు. వీరిలో అత్యధికులు పురుషులే. అయినా రెండు చికిత్సలూ ఒకేచోట అందాలనే సూత్రం స్త్రీలకు కూడా ఉపయోగకరమే. నింద, సిగ్గు ఉన్నచోట స్త్రీలు ఈ అలవాటును వైద్యుల వద్ద కూడా దాచిపెడతారు.

భారతదేశంలో పొగాకు మానడానికి 1800-11-2356, మానసిక సహాయానికి 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.