దేవుని వేదన, ప్రవక్త వాదన: హెబ్రీ ప్రవచన స్వరూపంపై ఒక పరిశీలన

సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో ఒక చిక్కుముడి ఉంది. సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని 11వ వచనం చెబుతుంది. పశ్చాత్తాపపడటానికి ఆయన మనిషి కాడని 29వ వచనంలో సమూయేలే అంటాడు. 35వ వచనం మళ్లీ మొదటి మాటకే వస్తుంది. దేవునికి ఉద్వేగాలుంటాయా అన్న ప్రశ్న మీద యూదు ఆలోచన శతాబ్దాలుగా ఈ రెండు కొసల మధ్యే సాగింది. దానికిచ్చే జవాబును బట్టే ప్రవక్త ఎవరన్నదీ తేలుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

దేవుడు మార్పులేనివాడన్న పక్షాన క్రీ.శ. 1వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకు చెందిన ఫైలో ఒక గ్రంథం రాశాడు. ఆ వాదానికి గట్టి తాత్విక రూపమిచ్చినవాడు మైమొనిడీస్ (1138–1204). 'సందిగ్ధులకు మార్గదర్శి'లో ఆయన దేవుని కోపం, కరుణ వంటి మాటలను దైవకార్యాలకు పెట్టిన పేర్లుగా వివరించాడు. మనుషులు కోపంతో చేసే శిక్ష వంటిది జరిగితే దేవుడు కోపించాడంటాం; ఆయనలో మాత్రం ఏ అలజడీ ఉండదు. ప్రవచనాన్ని దేవుని నుంచి క్రియాశీల బుద్ధి ద్వారా ప్రవక్త వివేకంలోకి, అక్కడి నుంచి ఊహాశక్తిలోకి పొంగివచ్చే ప్రవాహంగా ఆయన చూశాడు. అంటే, ప్రవక్త ముందుగా జ్ఞాని.

అబ్రహాం జాషువా హెషెల్ (1907–1972) దీన్ని తిరగవేశాడు. వార్సాలో హసిదీ వంశంలో పుట్టిన ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ప్రవక్తల చైతన్యం మీద పరిశోధించాడు. ఆ గ్రంథం 1936లో జర్మన్‌లో వెలువడింది. దాన్ని విస్తరించిన ఆంగ్ల రూపం 1962లో వచ్చింది. ప్రవక్త దైవవేదనలో పాలుపంచుకుంటాడన్నది దాని సారాంశం. హోషేయ తన దాంపత్యంలో అనుభవించిన ద్రోహం ద్వారానే ఇశ్రాయేలు పట్ల దేవుని బాధను గ్రహిస్తాడు. యిర్మీయాలో దేవుని శోకమేదో, ప్రవక్త శోకమేదో విడదీయడం కొన్నిచోట్ల కష్టం. అయితే ఈ వేదన అదుపు తప్పిన ఆవేశం కాదని హెషెల్ పట్టుబట్టాడు. అన్యాయం జరిగినప్పుడు చరిత్రతో దేవుడు పెట్టుకునే నైతిక సంబంధమది. దైవసారానికి నిర్వచనం కాదు.

ఈ వివరణ అందరికీ రుచించలేదు. మానవ ఉద్వేగాలను దేవునికి ఆపాదించడమేనని ఎలియేజర్ బెర్కోవిట్స్ 1964లో తీవ్రంగా విమర్శించాడు. ఆ ఆందోళనను కొట్టిపారేయలేం: మనిషి పోలికలో దేవుణ్ని మలచుకోవడం విగ్రహారాధనకు దగ్గరి దారి.

కానీ ప్రవక్తల గ్రంథాలనే సాక్ష్యమడిగితే హెషెల్ వైపే మొగ్గు కనిపిస్తుంది. ఆమోసు 7వ అధ్యాయంలో మిడతల దర్శనం, ఆ తర్వాత అగ్ని దర్శనం వస్తాయి. రెండుసార్లూ ప్రవక్త అడ్డుపడి వేడుకుంటాడు, రెండుసార్లూ దేవుడు మనసు మార్చుకుంటాడు. యోనా కోపానికి కారణం దీనికి సరిగ్గా ఎదురైనది: నీనెవెపై దేవుడు జాలిపడతాడని అతనికి ముందే తెలుసు. చలించని దేవునితో వాదించడానికి ప్రవక్తకు ఏమీ మిగలదు. అప్పుడు ఈ సన్నివేశాలు ఒట్టి అలంకారాలవుతాయి.

తాల్ముద్‌లోని హగీగా భాగం దేవుడు రహస్యస్థలంలో విలపిస్తాడంటుంది. వార్సా గెట్టోలో రబ్బీ కలోనిమస్ కల్మన్ షపీరా తన ప్రసంగాల్లో ఈ భావాన్నే ఆశ్రయించాడు. పూడ్చిపెట్టిన ఆ రాతలు యుద్ధానంతరం దొరికి 1960లో అచ్చయ్యాయి. ఆయన 1943లోనే హత్యకు గురయ్యాడు. తమ బాధ తమతోనే ఆగిపోదని, దేవుడూ అందులో ఉన్నాడని ఆయన తన శ్రోతలకు చెప్పాడు. దేవుని ఘనతను కాపాడటంలో మైమొనిడీస్ వాదానికి నేటికీ బలముంది. అయినా ప్రవక్తలు ఎందుకు ఏడ్చారో, ఎందుకు ఎదురాడారో, గెట్టోలోని ఆ శ్రోతలకు ఏ మాట కావలసివచ్చిందో హెషెల్ చూపిన దారిలోనే అర్థమవుతుంది.