ఎవరెస్టుకు ఎండు దారి

2014 మే 24 రాత్రి. ఎవరెస్టు ఉత్తరపు వాలు మీద, దాదాపు 8,300 మీటర్ల ఎత్తున, రాళ్ల నడుమ దొరికిన కొద్దిపాటి జాగాలో చివరి శిబిరం. అక్కడి నుంచి చీకట్లో కదిలిన వాళ్లలో తెలుగు పిల్లలు ఇద్దరున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండటానికి ఇంకా పక్షం రోజులకు పైనే ఉంది. సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. తలకు లైటు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు, ఈకలు కుక్కిన సూటు, మందపాటి పొరల బూట్లు. బూట్ల అడుగున క్రాంపాన్లు, అంటే ఉక్కు ముళ్లు. అవి మంచులో దిగబడటానికి చేసినవి. ఆ రాత్రి వాళ్ల ముందున్న దారిలో మాత్రం చాలాచోట్ల ఉన్నది రాయి.

ఎందుకో అనంతపురం వాళ్లం ఇట్టే అర్థం చేసుకోగలం. నైరుతి మబ్బుల తడిని పడమటి కనుమలు పిండుకుంటే, మనదాకా వచ్చేది ఒట్టి గాలి. టిబెట్‌కూ అదే గతి. హిమాలయాల దక్షిణపు వాలు వానంతా పట్టేసుకుంటుంది. వెనకనున్న రోంగ్‌బుక్ లోయ గోధుమరంగు రాళ్లతో ఎండిపోయి ఉంటుంది. పైన కురిసిన మంచును సైతం పడమటి గాలి ఊడ్చుకుపోతుంది. ఎవరెస్టుకు కూడా ఒక వర్షచ్ఛాయ వైపు ఉంది. ఈ పిల్లలు ఎక్కింది ఆ వైపు నుంచే.

దారి ఎంపిక వెనక చట్టం ఉంది. పదహారేళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు. అటువైపు ఖుంబు ఐస్‌ఫాల్ కూడా ఉంది. ఎప్పుడు కూలుతాయో తెలియని మంచుగడ్డల కింద నడవాలి. టిబెట్ వైపు అది లేదు. సుమారు 5,200 మీటర్లలో ఉన్న బేస్‌క్యాంపు దాకా జీపు వెళుతుంది. 6,400 మీటర్ల దాకా సామాను జడలబర్రెలు మోస్తాయి. అయితే పైకి పోయేకొద్దీ ఈ దారి తన బాకీ వసూలు చేసుకుంటుంది. గాలి విపరీతం. 8,500 మీటర్లు దాటాక శిఖరపు అంచు మీద చాలాసేపు అడ్డంగా నడవాలి. ఏదైనా జరిగితే గబగబా కిందికి దిగే వీలుండదు.

ఆ ఏడాది ఏప్రిల్ 18న ఖుంబులో మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. వెనక్కి వచ్చేస్తారా అని గురుకులాల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పిల్లల్ని అడిగారు. వాళ్లు ముందుకే వెళతామన్నారు. ఆ ప్రశ్న అడగడం, జవాబు పిల్లల నోటి నుంచే రావడం, ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం.

ఆ ధైర్యానికి పునాది భువనగిరి కోటబండ. 2007లో ఎవరెస్టు ఎక్కిన శిక్షకుడు బి. శేఖర్‌బాబు 2013లో పిల్లలకు అక్కడే తొలి పాఠాలు చెప్పారు. అది ఏకశిల. నున్నటి గ్రానైట్ మీద చేతికి పట్టు దొరకదు. పాదాన్ని బండకు ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి నిలబడాలి. గుత్తి, పెనుకొండ గుట్టలెక్కిన ప్రతి పిల్లాడి కాలికీ ఈ విద్య కొంత తెలుసు. ఆ తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో, శీతాకాలపు లడఖ్‌లో మంచు విద్య నేర్పారు. వంద మందికి పైగా మొదలుపెడితే చివరికి మిగిలింది ఇద్దరే. ఎవరెస్టును మొదటిసారి చూసినప్పుడు, ఇదేమంత ఎత్తు లేదు, ఒక్కరోజులో ఎక్కేయొచ్చని పూర్ణ తన శిక్షకుడితో అన్నదట. మొత్తం యాత్రకు 52 రోజులు పట్టింది.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. శిబిరం దాటగానే పసుపురంగు సున్నపురాతి పట్టీ. పలకలన్నీ పెంకుటింటి కప్పులా కిందికి వాలి ఉంటాయి. ఉక్కుముళ్లు రాతి మీద గీసుకుపోతాయి. విప్పేద్దామంటే రెండడుగుల్లో మళ్లీ మంచు వస్తుంది. పైగా ఆ చలిలో చేతితొడుగు తీసిన వేళ్లు కొద్దిసేపటికే మొద్దుబారతాయి. కాబట్టి ముళ్లతోనే రాయి ఎక్కడం నేర్చుకోవాలి. దారి చూపేది తాడు. అక్కడా మోసముంది. ఏనాటివో పాత తాళ్లు ఎండకు వెలిసి, కొత్తవాటి పక్కనే వేలాడుతుంటాయి. లైటు వెలుతురులో ఈ ఏటి తాడేదో పోల్చుకుని, తాడును బిగించి పట్టుకునే జూమర్ తగిలించాలి. ముడి దగ్గర ఒక కొక్కెం తీసేముందు రెండోది అవతల పడిందా అని చూసుకోవాలి. అలసిన మెదడు మొదట మరిచిపోయేది ఇదే. దారిలో ఆరు మృతదేహాలు కనిపించాయని పూర్ణ తర్వాత చెప్పింది.

ఆ పట్టీ దాటి అంచు మీదికి చేరాక మొదటి రాతిమెట్టు, పుట్టగొడుగు రాయి, ఆపైన 8,600 మీటర్ల దగ్గర నిటారు గోడలాంటి రెండో మెట్టు. 1960లో ఉత్తరం నుంచి మొదటిసారి శిఖరం చేరిన చైనా బృందంలో చూ యిన్‌హువా అనే ఆయన బూట్లతో పట్టు దొరకక, వాటిని విప్పి ఆ గోడెక్కాడు. మంచు కొరుకుడుకు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. 1975లో చైనావాళ్లు అక్కడ నిచ్చెన బిగించారు. ఇప్పుడందరూ ఎక్కేది నిచ్చెన మీదే. అయినా కింద వేల అడుగుల లోతు. మాస్కు అడ్డంవచ్చి పాదం ఎక్కడ పడుతుందో కనబడదు.

మే 25 ఉదయం ఆరు గంటలకు పూర్ణ శిఖరం మీద నిలబడింది. అక్కడికి చేరిన ఆడపిల్లల్లో అందరికన్నా చిన్నది. ఆనంద్ కూడా చేరుకున్నాడు. మువ్వన్నెల జెండాతో పాటు అంబేడ్కర్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గార్ల చిత్రాలు పట్టుకున్నారు. 1960లో ఆ చైనా బృందం శిఖరం చేరింది కూడా మే 25నే.

తర్వాత అదే నిచ్చెన, అవే పలకలు దిగాలి. ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే, కాళ్లు అలిసి, ఆక్సిజన్ తరిగినప్పుడే జరుగుతాయి. ఇద్దరూ క్షేమంగా దిగారు.

2022 జూన్ 5న పూర్ణ అలాస్కాలోని డెనాలి ఎక్కి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు పూర్తిచేసింది. అక్కడ షెర్పాలు లేరు, జడలబర్రెలు లేవు. ఎక్కేవాళ్లే తమ సామానును స్లెడ్జి బండి మీద హిమానీనదం వెంట లాక్కుపోవాలి. మంచు పగుళ్లలో పడకుండా ఒకరినొకరు తాడుతో కట్టుకుని నడవాలి. ఆ దారికి కావలసిన విద్య వేరు.