అద్దముపై నీరు చిమ్ము పంపు కథ

తొలకరి దినములలో, ప్రొద్దుగ్రుంకు వేళ గుంటూరు నుండి మాచెర్లకు కారు నడపినవారికి ఈ సంకటము క్రొత్త కాదు. వర్షము ఇంకను పట్టి కురియలేదు. నాలుగు చినుకులు రాలి ఆగినవి. ముందు పోవు లారీ చక్రములు తడిదుమ్మును లేపి మన కారు అద్దముపై చిలుకరించును. వైపరు త్రిప్పినచో ఆ బురద పోవుటకు మారుగా అద్దమంతటను పలుచని పూతయై పరచుకొనును. అంతలో ఎదురుగా మరియొక బండి దీపములు వెలుగును. ఆ వెలుగులో పూత తెల్లని తెరగా మారి, రోడ్డును, రోడ్డు వారగా ఇండ్లకు మరలుచున్న కూలీలను ఒక్కసారిగా కప్పివేయును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో 16 మీటర్లకు పైగా ముందుకు సాగును. ఆ క్షణమున చేయి నీటి మీట మీదికి పోవును. నీరు రాదు.

నాకు ఒకసారి అట్లే జరిగినది. బండిని వారగా నిలిపి, తువాలుతో అద్దము తుడిచి, మెల్లగా పిడుగురాళ్ళ చేరితిని. అచ్చటి మెకానిక్కు బానెట్టు ఎత్తక పూర్వమే ఒక ప్రశ్న వేసెను: "మీట నొక్కితే మోటారు మోగుతోందాండీ?" నీటిని త్రోయు బలము పనిచేయుచున్నదా లేదా అని అతడు అడిగినది. ఈ పంపు చరిత్ర అంతయు ఆ ఒక్క ప్రశ్నకు కాలక్రమమున వచ్చిన జవాబులే. బలము మారినప్పుడెల్ల, నీరు రాకపోవుటకు గల కారణమును మారుచు వచ్చినది.

మొదటివారు నీటిని తుడుచుటను గూర్చి ఆలోచించిరి గాని, తెచ్చుటను గూర్చి ఆలోచింపలేదు. వానలో నీటికి కొదువ ఏమి? అమెరికాలోని అలబామా రాష్ట్రమునకు చెందిన మేరీ ఆండర్సన్ అను ఆమె ఒక శీతకాలమున న్యూయార్కు చూడబోయి ట్రాము ఎక్కెను. మంచు కలిసిన వాన కురియుచున్నది. ఎదుటి అద్దమును తెరచిననే గాని బండి నడుపువానికి దారి కానరాదు; తెరచినచో చలికి కొంకర్లు పోవును. ఆమె ఇల్లు చేరి, లోపల పిడియు, వెలుపల రబ్బరు అంచు గల చేయియు నమర్చిన ఒక సాధనమును కల్పించి, 1903 నవంబరు 10వ తేదీన దానికి పేటెంటు పొందెను. కెనడాలోని ఒక సంస్థకు అమ్మజూపగా, వ్యాపారపు విలువ లేదని వారు త్రోసిపుచ్చిరి. పేటెంటు గడువు తీరువరకు ఆమెకు ఒక్క కాసు ముట్టలేదు. 1953లో ఆమె మరణించునాటికి వైపరు లేని కారు అరుదైన వస్తువు.

బఫెలో నగరవాసి జాన్ ఓషై వేరొక విధముగా ఈ మార్గమునకు వచ్చెను. 1917 ప్రాంతమున ఒక వానరాత్రి అతడు కారు నడుపుచు, అద్దముపై నీటి వలన ఎదుట ఏమియు కానరాక, సైకిలుపై పోవు ఒకనిని ఢీకొనెను. ఆ మనిషి బ్రదికెను గాని ఓషైకి మనసు నిలువలేదు. అతడు నెలకొల్పిన సంస్థయే తరువాత ట్రైకో అను పేరున వైపర్లకు లోకప్రసిద్ధమైనది. చేతి పనిని ఇంజనుకు అప్పగించుట ఆ సంస్థ చేసిన మేలు. ఇంజను గాలిని లోనికి పీల్చుకొను బలముతో వైపరు కదలునట్లు వారు ఏర్పాటు చేసిరి. ఇందొక చిక్కు కలదు. కొండ ఎక్కునప్పుడును, వేగము హెచ్చించినప్పుడును ఆ పీల్పు తగ్గును. వైపరు నడిమధ్య ఆగిపోవును. అనగా డ్రైవరుకు చూపు మిక్కిలి అవసరమైన చోటనే అది సమ్మె కట్టునన్న మాట!

1930ల ఉత్తరార్ధమున అమెరికాలో స్టూడీబేకర్ వంటి కార్లకు నీరు చిమ్ము ఏర్పాటు రాసాగినది. బానెట్టు క్రింద ఒక గాజు జాడీ, దాని నుండి సన్నని రబ్బరు గొట్టము, అద్దము ముందర రెండు చిన్న రంధ్రములు. ఆ కాలపు వాషర్లు పెక్కింటికి ఇంజను పీల్పే ఆధారము. నీరు రానప్పుడు జాడీ నిండియున్నదా, పీల్పు గొట్టము ఎచ్చటనైన పగిలి గాలి దొంగిలించుచున్నదా అని చూచుకొనవలసి వచ్చెడిది.

బ్రిటిషు కార్లు పెక్కింటిలో డాష్ బోర్డు మీద ఒక బొత్తాము ఉండెడిది. బొటనవ్రేలితో అదిమినకొలది నీరు వచ్చును. అమెరికాలో ఫోర్డు వారు కొన్ని కార్లకు కాలితో తొక్కు పంపును అమర్చిరి. ఇచట బలము మనిషిదే గనుక అది చెడు ప్రశ్న లేదు. చెడునది లోని రబ్బరు పొర, లేదా నీరు వెనుకకు జారకుండ ఆపు చిన్న కవాటము. ఎంత అదిమినను చేతికి బరువు తగులకున్నచో పొర చినిగినదని అర్థము.

ఇక నాకు మిక్కిలి ముచ్చట గొలుపు ఘట్టము. ఫోక్స్‌వాగన్ వారి బీటిల్ కారుకు ఇంజను వెనుక నుండును. ముందు భాగమున సామాను పెట్టె, అందులో అదనపు చక్రము. 1960లలో ఆ సంస్థ ఇంజనీర్లు నీటికి వేరుగ పంపు పెట్టక, ఆ అదనపు చక్రములోని గాలినే వాడుకొనిరి. టైరు నుండి ఒక గొట్టము నీటి డబ్బాకు పోవును. గాలి ఒత్తిడి నీటిని త్రోయును. మీట నొక్కుట కేవలము తలుపు తెరచుట వంటిది. మోటారు లేదు, పీల్పు లేదు. అయితే టైరులో గాలి మామూలుకన్న హెచ్చుగా నింపి ఉంచవలెను. గాలి ఒక మేరకు తగ్గగానే కవాటము తనంత మూసికొనును. అవసరపడినప్పుడు ఆ చక్రము పనికిరావలెను గదా! కనుక బీటిల్ యజమానికి నీరు రాకపోయినచో, డబ్బాయే గాక అదనపు చక్రమును గూడ చూచుకొనవలెను. అద్దము ముందరి ఎండిన రంధ్రము చక్రములో గాలి తగ్గినదని చెప్పు దూత అయినది.

ప్రసంగవశమున ఒక మాట. మన డ్రైవర్లు అదనపు చక్రమును స్టెప్నీ అందురు. 1904లో వేల్సు దేశపు లనెథ్లీ పట్టణమున డేవిస్ సోదరులు అట్టి చక్రములను చేసి అమ్మిరి. వారి దుకాణమున్న వీధి పేరు స్టెప్నీ. ఆ వీధివాసులు ఎన్నడును వినియుండని పల్లెలలో నేటికిని ఆ పేరు నిలిచియున్నది.

1968 జనవరి 1 నుండి అమెరికాలో క్రొత్త కార్లకు వైపరుతోబాటు వాషరు గూడ ఉండవలెనని భద్రతా ప్రమాణము విధించినది. నేటి కార్లలో డబ్బా అడుగున బొటనవ్రేలంత విద్యుత్ మోటారు పంపు ఉండును. మెకానిక్కు ప్రశ్న దానిని గూర్చియే. మోటారు మ్రోగకున్నచో నీటి దారిని వెదకుట వ్యర్థము. మొదట ఫ్యూజు, పిమ్మట తీగ కొనలు, మీట, తుదకు మోటారు. మ్రోగుచున్నచో దోషము నీటిది: డబ్బా ఖాళీయా, అడుగు జల్లెడ మూసికొనిపోయినదా, గొట్టము ఊడినదా, మడత పడినదా, ఎలుక కొరికినదా? బానెట్టు కీలు దగ్గర గొట్టము మాటిమాటికి వంగి పగులుట కలదు. గొట్టమును రంధ్రము దగ్గర ఊడదీసి నొక్కి చూచినచో తేలిపోవును. అచట నీరు దూకినచో అడ్డు రంధ్రములోనే. డబ్బా ఖాళీగా నుండగా మీటను అదేపనిగ నొక్కరాదు. తడి లేక తిరిగిన పంపు చెడిపోవును.

డబ్బాలో ఏ నీరు పోయవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. 2010లో బ్రిటనుకు చెందిన ఆరోగ్య పరిశోధకులు, డబ్బాలో మందు కలుపక వట్టి నీరు పోయువారికి లీజియనేర్స్ అను ఊపిరితిత్తుల జబ్బు హెచ్చుగా సంక్రమించుచున్నదని ప్రకటించిరి. నిలువ నీటిలో పెరుగు సూక్ష్మజీవి తుంపరలతో ముక్కున చేరునట. అద్దములకని అమ్ము ద్రవమును కలిపినచో ఆ జీవి పెరుగుట తగ్గును.

నా కారు మోటారు మ్రోగుచునే యుండెను. మెకానిక్కు గొట్టము ఊడదీయగా నీరు అతని మోచేతి మీదికి దూకెను. రంధ్రములో తెల్లని గార. పల్నాడు సున్నపురాతి నేల. అచటి బోరు నీటిని నేనే నెలల తరబడి డబ్బాలో పోసితిని. అతడు సన్నని సూదితో మెత్తగా గీకి, వెనుక నుండి నోటితో ఊది, తిరిగి బిగించెను. మీట నొక్కితిని. నీటి ధార కారు పైకప్పును దాటి, వెనుక నిలిచి చూచుచున్న టీ కొట్టు కుర్రవాని చొక్కాను తడిపెను. మెకానిక్కు నవ్వుచు అదే సూదితో రంధ్రపు గుండును ఒక వెండ్రుకవాసి క్రిందికి వంచెను. ఈ మారు నీరు అద్దము నడుమ పడినది.