కొల్లేరు సరస్సు - మురుగునీటి శుద్ధి

కొల్లేరు సరస్సు ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. పరిసర పట్టణాల మురుగునీరు కాలువల ద్వారా ఇందులో చేరుతుంది. సరస్సు లోతు తక్కువ. నీరు బయటకు పోయే ప్రధాన మార్గం ఒక్కటే. అందువలన ఇక్కడికి వచ్చే మురుగునీటికి సాధారణ శుద్ధి సరిపోదు.

భౌగోళికం

2022 జిల్లాల పునర్విభజనకు ముందు ఈ సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో విస్తరించి ఉండేది. ఇప్పుడు ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలో ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు, అనేక డ్రెయిన్లు ఇందులో కలుస్తాయి. మిగులు నీరు సుమారు 60 కిలోమీటర్ల పొడవైన ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. నేల వాలు చాలా తక్కువ కనుక ప్రవాహం మందకొడిగా సాగుతుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గినపుడు సముద్రపు పోటుకు ఉప్పునీరు ఎదురు వస్తుంది.

1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో 90,100 హెక్టార్ల ప్రాంతం రాంసర్ చిత్తడినేలల జాబితాలో చేర్చబడినది. ఆటపాక వద్ద గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కడతాయి.

మురుగునీటి రాక

తమ్మిలేరు ఏలూరు పక్కగా ప్రవహించి సరస్సులో కలుస్తుంది. బుడమేరు విజయవాడ పరిసరాల మురుగును తెస్తుంది. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు సరఫరా చేయాలని, అందులో 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజనీర్లు లెక్కవేస్తారు. ఈ లెక్కన రెండు లక్షల జనాభా గల పట్టణం నుండి రోజుకు 2 కోట్ల 16 లక్షల లీటర్ల మురుగునీరు వస్తుంది. దీనికి తోడు పొలాల ఎరువులు, చేపల చెరువుల నీరు, పరిశ్రమల వ్యర్థాలు కూడా సరస్సులో చేరతాయి.

ప్రభావం

మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా కుళ్ళబెట్టేటపుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. అప్పుడు బొచ్చె, శీలావతి వంటి చేపలు ఊపిరాడక చనిపోవచ్చు. గాలిని కూడా పీల్చగల కొర్రమీను వంటివి కొంత తట్టుకుంటాయి. నత్రజని, భాస్వరం నీటి మొక్కలకు ఎరువుగా పనిచేస్తాయి. నాచు, గుర్రపుడెక్క దట్టంగా పెరిగి, చచ్చి, అడుగున చేరి సరస్సును పూడుస్తాయి. మురుగులోని రోగకారక క్రిముల వలన లంక గ్రామాల ప్రజల ఆరోగ్యానికి ముప్పు ఉన్నది. చేపలు తగ్గితే వారి జీవనాధారం దెబ్బతింటుంది.

శుద్ధి విధానం

శుద్ధి కేంద్రంలో మొదట జల్లెడలతో చెత్తను, తరువాత తొట్లలో ఇసుకను, మడ్డిని వేరు చేస్తారు. రెండవ దశలో నీటిలోకి గాలి పంపి, బాక్టీరియా చేత సేంద్రియ పదార్థాన్ని తినిపిస్తారు. చాలా చిన్న కేంద్రాలలో పని ఇక్కడితో ముగుస్తుంది. కాని ఇలా తేటపడిన నీటిలో కూడా నత్రజని, భాస్వరం చాలావరకు మిగిలిపోతాయి. నత్రజనిని తొలగించడానికి ఆక్సిజన్ లేని తొట్టిలో వేరే రకం బాక్టీరియాను ఉపయోగిస్తారు. పటిక వంటి లవణాలు కలిపితే భాస్వరం అడుగుకు దిగుతుంది. క్రిములను చంపడానికి క్లోరిన్ వాడితే, మిగిలిన క్లోరిన్‌ను తొలగించాకే నీటిని వదలాలి. లేకపోతే అది చేపలకు హాని చేస్తుంది.

కోల్‌కతా తూర్పు చిత్తడినేలల్లో మురుగునీటిని చెరువులలో నిలిపి, ఎండ, నాచుల సాయంతో శుభ్రపరచి చేపలు పెంచుతున్నారు. ఆ ప్రాంతం కూడా 2002లోనే రాంసర్ జాబితాలో చేరినది.

చట్టాలు

2017 చిత్తడినేలల నియమాలు పట్టణాలు, గ్రామాలు శుద్ధి చేయని మురుగును వీటిలోకి వదలడాన్ని నిషేధించాయి. అదే సంవత్సరం కేంద్రం ప్రకటించిన శుద్ధి కేంద్రాల ప్రమాణాలలో నత్రజని, భాస్వరాలకు పరిమితి లేదు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ లీటరుకు నత్రజని 10 మిల్లీగ్రాములు, చెరువులు, సరస్సులలోకి వదిలే నీటిలో భాస్వరం 1 మిల్లీగ్రాము మించరాదన్న ప్రమాణాలను ఆమోదించింది. కొల్లేరు వంటి సరస్సుకు ఈ రెండవ పరిమితి ముఖ్యమైనది.

ఇవి కూడా చూడండి

కొల్లేరు సరస్సు
ఉప్పుటేరు
రాంసర్ ఒప్పందం
కోరింగ వన్యప్రాణి అభయారణ్యం