తిరిగివ్వగలిగిన బయానా

మాంచెస్టర్ మిల్లు మన మగ్గాన్ని చంపిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అబద్ధమేమీ కాదు. కానీ మిల్లుగుడ్డ మన రేవుల్లో దిగేనాటికే కృష్ణా గోదావరి తీరాల నేతగాడి ప్రాణం సగం పోయింది. ఆ సగం యంత్రం తీసింది కాదు. చట్టం, కచేరీ, బంట్రోతు కలిసి తీసింది.

1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగారు. వాళ్లకు అసలు కావలసింది మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి పండే తూర్పు దీవుల్లో మాత్రం మన గుడ్డ చూపిస్తేనే సరుకు కదిలేది. అలా సుగంధ ద్రవ్యాల కోసం బయలుదేరినవాళ్లు సాలెల పేటల్లో తిరగాల్సి వచ్చింది. నిజాంపట్నం వైపు చిరివేరు ఎరుపు, బందరు అద్దకం, గోదావరి పాయల పక్కన తెల్లటి సన్న తానులు. పత్తి దక్కను లోపలి నుంచి లంబాడీల ఎద్దుల మీద దిగివచ్చేది. ఆ ఎద్దులే తీరం ఉప్పును మోసుకుని వెనక్కి నడిచేవి. ఇంట్లో ఆడవాళ్లు వడికిన నూలు, 120 పోగులకో పుంజం చొప్పున లెక్క కట్టిన పడుగు, గుంటమగ్గం, సంత, దలారి, రేవు... ఎవరూ కూర్చుని గీసిన పథకం కాదిది. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటూ పోతుంటే అదే నడిచింది.

ఈ నడకకు కీలు బయానాలో ఉంది. వర్తకుడు ముందుగా సొమ్మిచ్చేవాడు. నేతగాడు దానితో తన నూలు తానే కొనుక్కునేవాడు, తిండి గింజలు తెచ్చుకునేవాడు. మగ్గం మీద ఉన్నంతకాలం ఆ తాను అతనిదే. ఇంకొకడు రెండు రూకలు ఎక్కువిస్తానంటే, తీసుకున్న బయానా తిరిగిచ్చేసి గుడ్డ అతనికి అమ్ముకోవచ్చు. వర్తకుడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. బజారు పడిపోయిందన్న సాకుతో కుదిరిన బేరం తప్పించుకోవడానికి వీల్లేదు. ఇంత ఒంటివైపు మర్యాదను వర్తకుడు ఎందుకు భరించాడంటే, పోయి మొరపెట్టుకోవడానికి అతనికి చోటు లేదు. ఏ జమీందారూ వర్తకుడి మాట పట్టుకుని సాలెలను చెరలో పెట్టించి తన పేట పాడుపెట్టుకోడు. మగ్గం మూటగట్టి పక్క సీమకు పోతే అక్కడి దొర పన్ను తగ్గించి మరీ పిలుస్తాడు.

దీన్ని రామరాజ్యం అనను. గింజల ధర పెరిగినా, నూలు ధర పెరిగినా ముందు మాడేది నేతగాడి పొయ్యే. కానీ కాదనే హక్కు అతని చేతిలో ఉండేది. పేదవాడి చేతిలో అది ఎప్పుడోగాని ఉండదు.

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, మరుసటేడు నిజాంతో ఒడంబడిక. ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి. చరిత్ర పుస్తకాల్లో ఇది రెండు వాక్యాల్లో అయిపోతుంది. నేతగాడికి మాత్రం అప్పటినుంచి కొనేవాడూ, ఏలేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒక్కడే.

తర్వాత జరిగింది ఊహించడం కష్టం కాదు. మధ్యలో ఉన్న వర్తకుణ్ణి కంపెనీ పక్కకు నెట్టి తానే బయానా ఇవ్వడం మొదలుపెట్టింది. దలారి పోయినందుకు నేతగాడు బాగుపడాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ దలారులు పదిమంది ఉండబట్టే అతను బేరమాడగలిగాడు. ఇప్పుడు మగ్గాలకు లెక్క రాశారు. కంపెనీ సొమ్ము తీసుకున్నవాడు వేరొకరికి నేయకూడదన్నారు. గుడ్డ ఆలస్యమైతే బంట్రోతు గుమ్మంలో కూర్చునేవాడు, అతని బత్తెం కూడా నేతగాడి మీదే. నాసిరకమని తిప్పికొట్టిన తాను బాకీగా మిగిలేది. ఇంజరంలో కంపెనీ కొఠీ. దగ్గర్లోనే యానాంలో ఫ్రెంచివాళ్లు. తాతల నాడు ఏ అడ్డూ లేకుండా చేసినట్టే అక్కడికి తాను పట్టుకుపోతే ఇప్పుడది దొంగతనం కింద లెక్క. నేతగాళ్లు మగ్గాలు ఆపారు, గుంపులుగా వెళ్లి మొరపెట్టుకున్నారు, మద్రాసుకు అర్జీలు పెట్టారు. అర్జీ చదివేవాడు కూడా కంపెనీవాడే.

ఇలా కాళ్లు కట్టేసిన మనిషి మీదికి వచ్చింది లాంకషైర్ గుడ్డ. 1813లో భారత వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, బ్రిటిష్ వర్తకులందరికీ తలుపులు తెరుచుకున్నాయి. మన గుడ్డకు ఇంగ్లండులో బరువైన సుంకం, వాళ్ల గుడ్డకు ఇక్కడ నామమాత్రం. ఇతరులకు అమ్మకుండా చేసిన ఆ ఒక్క కొనుగోలుదారే చివరికి కొనడం మానేశాడు: 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారానికే స్వస్తి చెప్పింది. పాత వర్తకులు ఎప్పుడో చెదిరిపోయారు. అప్పటికే గుంటూరు సీమలో నందన నామ సంవత్సరపు కరువు. గింజ కొనుక్కు తినేవాడికి కరువులో రెండు దెబ్బలు: తిండి ధర ఆకాశానికి, గుడ్డ అడిగేవాడు లేడు. ఆ దశకంలోనే కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు కూలీల ఓడలు మొదలయ్యాయి.

అయినా మగ్గం పూర్తిగా చావలేదు. ఇంగ్లండు మిల్లు నూలు చవగ్గా దొరకడంతో కొందరు నేతగాళ్లు దానితోనే నేసుకుంటూ నెట్టుకొచ్చారు. వాళ్ల మనవలు పెడనలో, ఉప్పాడలో ఇంకా ఉన్నారు. ఆ నూలే రాట్నాన్ని మాత్రం మిగల్చలేదు. సాలె ఇళ్లలో, మాలపల్లెల్లో, ముసలి వితంతువుల పంచల్లో వడికిన ఆడవాళ్లకు ఎవరూ బయానా ఇచ్చింది లేదు, కాబట్టి తిరిగిచ్చే హక్కూ లేదు, కంపెనీ చిట్టాలో పద్దూ లేదు. మగ్గాలు ఆపి కచేరీకి నడిచినవాళ్ల గురించి కలెక్టర్లు ఉత్తరాలు రాశారు. వీళ్లు వడకడం మానేసినప్పుడు రాయడానికి ఏ కచేరీకీ పని పడలేదు.