వేన్నీళ్ళ కాగు నుండి సోలార్ హీటరు దాకా: ఎంపిక, అమరిక, సంరక్షణ

విజయనగర కాలంలోను, ఆ తరువాతను దక్షిణానికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాల వారసులు నేటికీ మదురై, కోయంబత్తూరు ప్రాంతాల పల్లెల్లోను పట్టణాల్లోను పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. 1529లో విశ్వనాథ నాయకునితో ఆరంభమై 1736 వరకు సాగిన మదురై నాయకుల పాలనలో ఈ కుటుంబాలు అక్కడ వేరూనుకున్నాయి. కోయంబత్తూరు ఉన్న కొంగునాడు కూడా ఆ పాలనలోనిదే. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఈ కుటుంబాల్లో వారపు తలంటు, దీపావళి అభ్యంగనం తరాలుగా వస్తున్న ఆచారాలు. తెలుగులోని వేన్నీళ్ళు, తమిళంలోని వెన్నీర్ ఒకే మూలానికి చెందిన మాటలు. పండుగనాడు పొరుగువారు ‘గంగా స్నానం ఆచ్చా’ అని పలకరించడం తమిళనాట పరిపాటి.

కట్టెల పొయ్యి మీద కాగిన ఈ వేన్నీళ్ళు నేడు రాడ్డుతోను, గీజరుతోను, సోలార్ హీటరుతోను కాగుతున్నాయి. సాధనం మారినా రెండు విషయాలు మారలేదు. నీటి గుణం తెలియకుండా కొన్న సాధనం ఎక్కువ కాలం మన్నదు. జాగ్రత్త లేకుండా అమర్చిన సాధనం ప్రాణం తీయవచ్చు. సరిహద్దు గ్రామాల్లోనూ బోరు నీటి వాడకమే ఎక్కువ కనుక ఈ వివరాలు మనకూ వర్తిస్తాయి.

ముందుగా నీటి పరీక్ష

కోయంబత్తూరులో ‘నల్ల తణ్ణి’ అంటే మంచినీరు, ‘ఉప్పు తణ్ణి’ అంటే బోరు నీరు. రుచికి పేరొందిన శిరువాణి నీరు మొదటి తరగతికి చెందుతుంది. లోతైన బోర్ల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. దీనినే కఠిన జలం అంటారు. సబ్బు నురగ రాకపోవడం, పప్పు త్వరగా ఉడకకపోవడం, కాచిన గిన్నె అడుగున తెల్లని పొర పేరుకోవడం దీని గుర్తులు.

భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. అమ్మకందారులు చూపే టి.డి.ఎస్. మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని చూపుతుందే గాని కాఠిన్యాన్ని విడిగా చూపదు. కాబట్టి నీటిని ప్రయోగశాలలో పరీక్షింపజేయడం మేలు. తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుకు జిల్లాల్లో ఇటువంటి ప్రయోగశాలలు ఉన్నాయి.

కఠిన జలం వేడెక్కినప్పుడు అందులోని లవణాలు గారగా మారి హీటింగ్ ఎలిమెంటుకు అంటుకుంటాయి. గార గుండా వేడి సరిగా ప్రసరించదు. ఎలిమెంటు మితిమీరి కాగి కాలిపోతుంది. నీరు 60 డిగ్రీలు దాటిన కొద్దీ గార మరింత వేగంగా పేరుకుంటుంది.

రాగి కాగు, రాగి బాయిలరు

పాత ఇళ్ళలో పెరటి పొయ్యి మీద పెద్ద రాగి కాగు ఉండేది. నడుమ నిప్పుగొట్టం గల రాగి బాయిలరు దాని తరువాతి రూపం. కొబ్బరి పీచు, చిప్పలు, చిదుగులు వేస్తే చాలు, నీరు కాగుతుంది. కరెంటు లేని వేళ నేటికీ ఇది నమ్మకమైన సాధనం. చింతపండు, ఉప్పు కలిపి తోమితే చిలుము పోతుంది. ఈ నీటిని వంటకు, తాగడానికి వాడరాదు. బాయిలరును ఎప్పుడూ ఆరుబయటనే వెలిగించాలి. మూసిన స్నానాల గదిలో నిప్పు రాజేస్తే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి మనిషిని స్పృహ తప్పిస్తుంది.

ఇమ్మర్షన్ రాడ్డు

ధర తక్కువ, ప్రమాదం ఎక్కువ. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని రాడ్డు కొనరాదు. ఇనుప బకెట్టులో వాడరాదు. రాడ్డును నీటిలో ఉంచిన తరువాతనే స్విచ్చి వేయాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిని తాకాలి. నీరు వెచ్చబడిందా అని వేలు పెట్టి చూడటం వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. రాడ్డు పెట్టిన బకెట్టును పిల్లలకు అందే చోట ఉంచరాదు.

విద్యుత్ గీజరు

25 డిగ్రీల నీటిని 25 లీటర్ల మేర 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 1 యూనిట్ విద్యుత్తు పడుతుంది. 2000 వాట్ల గీజరు ఆ పనిని సుమారు అరగంటలో చేస్తుంది. 15 లీటర్ల వేన్నీళ్ళకు 20 లీటర్ల చన్నీళ్ళు కలిపితే ఒకరి స్నానానికి చాలినంత గోరువెచ్చని నీరు వస్తుంది.

ఒక ఇంటికి రోజుకు 50 లీటర్ల వేన్నీళ్ళు కావాలంటే రెండు నెలలకు సుమారు 120 యూనిట్లు ఖర్చవుతాయి. తమిళనాట 2016లో రెండు నెలల బిల్లులో గృహాలకు ఉచితంగా ప్రకటించిన 100 యూనిట్లను ఈ ఒక్క సాధనమే మించిపోతుంది. కాబట్టి కొనేటప్పుడు నక్షత్రాల గుర్తును చూడాలి. థర్మోస్టాటును 55 – 60 డిగ్రీల మధ్య ఉంచాలి.

అమరికలో ఈ నియమాలు తప్పనిసరి: విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల వద్ద తెగే ఆర్.సి.సి.బి. రక్షణ, మందమైన రాగి తీగ. నీరు నిండిన 25 లీటర్ల గీజరు 35 కిలోలకు పైగా తూగుతుంది. మట్టి గోడకు బిగించరాదు. ప్రెషర్ వాల్వు నుండి నీటి చుక్కలు కారుతున్నాయని దాన్ని మూసివేయడం పెను ప్రమాదం. కఠిన జలమున్న ఇళ్ళలో ఏటా ఒకసారి గారను తీయించి, లోపలి మెగ్నీషియం కడ్డీని పరిశీలింపజేయాలి. ‘బుడబుడ’ శబ్దం రావడం, కాగే సమయం పెరగడం గార పేరుకున్నదనడానికి సూచనలు.

గ్యాస్ గీజరు

ఇది గదిలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. కిటికీ లేని స్నానాల గదిలో దీన్ని అమర్చరాదు. గది వెలుపల, పొగ బయటికి పోయే ఏర్పాటుతోనే ఉంచాలి. స్నానం చేసేవారికి తలనొప్పి, తల తిరుగుడు కలిగితే వెంటనే బయటికి రావాలి. లోపల ఎవరైనా పడిపోతే తలుపు తెరిచి, గ్యాసు ఆపి, వారిని గాలి తగిలే చోటికి చేర్చి 108కి ఫోన్ చేయాలి.

సోలార్ హీటరు

నలుగురి కుటుంబానికి రోజుకు 100 లీటర్ల హీటరు చాలును. ఎండ పలకను లేదా గాజు గొట్టాల వరుసను దక్షిణ ముఖంగా, కొబ్బరి చెట్ల నీడ పడని చోట అమర్చాలి. సోలార్ ట్యాంకు కంటే చన్నీళ్ళ ట్యాంకు ఎత్తులో ఉండాలి. పెంకుటింటి కప్పు ఈ బరువును మోయలేదు కనుక విడిగా ఇనుప స్టాండు నిలపాలి. బోరు నీటికి గాజు గొట్టాల రకమే మేలు. పలక రకంలోని సన్నని రాగి గొట్టాలు గారతో త్వరగా పూడుకుపోతాయి. ఆరు నెలలకొకసారి ట్యాంకును ఖాళీ చేసి కడగాలి. గాజుపై దుమ్మును తరచూ తుడవాలి.

ఈ ప్రాంతంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల మబ్బు ఉంటుంది. దీపావళి తలంటు సరిగ్గా ఆ రోజుల్లోనే, అదీ తెల్లవారకముందే వస్తుంది. కాబట్టి సోలార్‌కు తోడుగా ఒక చిన్న గీజరో, పాత రాగి కాగో ఇంట ఉండటం అవసరం.

వేన్నీళ్ళ తొట్టి

కొత్తగా కట్టుకున్న కొన్ని ఇళ్ళలో వేన్నీళ్ళ తొట్టి కూడా చేరుతోంది. 1000 లీటర్ల నీరు ఒక టన్ను తూగుతుంది. ఇంజనీరును సంప్రదించకుండా మేడ మీద పెట్టరాదు. నీటి వేడి 40 డిగ్రీలు మించరాదు. ఒక్కసారి ఇరవై నిమిషాలకు మించి కూర్చోరాదు. గర్భిణులు, హృద్రోగులు వైద్యుని అడిగిన తరువాతనే దిగాలి. నిలవ నీటిలో క్లోరిన్ మోతాదును చూసుకోవాలి. నీటిని తరచూ మార్చాలి. పిల్లలున్న ఇంట మూత, తాళం విధిగా ఉండాలి.

పిల్లల స్నానానికి

60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, ఆ తరువాతనే వేన్నీళ్ళు కలపాలి. మోచేతితో తాకి చూసి, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉన్నదని తెలిసిన తరువాతనే పిల్లలకు పోయాలి. ఎవరికైనా విద్యుత్తు తగిలితే ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. అంతవరకు ఆ మనిషిని తాకరాదు. ఈ మాటలను ఇంట్లో పిల్లలు మొదలు అవ్వాతాతల వరకు అందరికీ చెప్పి ఉంచాలి.